పొద్దున వేసిన డ్రైవర్

చూపు మందగించిన ఆయన, అక్షరాలు పెద్దగా కనిపిస్తాయన్న ఆశతో పొద్దున లినక్స్ కంప్యూటర్‌లో తెరను నడిపే కొత్త గ్రాఫిక్స్ డ్రైవర్ వేశాడు. అప్పట్నుంచి అది తెరుచుకోవడం లేదు, తెరంతా నల్లగా ఉండిపోతోంది. ఇప్పుడు ఆయన చెబుతుంటే భార్య టైపు చేస్తోంది.

“చేజేతులా పాడుచేశాను. రికవరీ మోడ్ వచ్చిందా?”

“వచ్చిందండీ. అన్నీ చీమ తలకాయంత అక్షరాలు.”

“అవి నాకెలాగూ ఆనవు. నేను చెప్పినట్టు కొట్టి ఆ డ్రైవర్ తీసెయ్యి.”

“తీసేశాను.”

“ఇక రీస్టార్ట్ చెయ్యి. అమ్మాయి ఫొటో తెరనిండా వస్తే బాగైనట్టే. అంత పెద్దదైతే నాకూ కనిపిస్తుంది.”

“చేశాను.”

తెరనిండా కూతురు నవ్వుతోంది. ఆయన రెప్ప వాల్చకుండా అటే చూస్తున్నాడు.

“ఏం, ఇంకా నల్లగానే ఉందా?”

“అవునండీ. నల్లగానే ఉంది.”

“హమ్మయ్య. నా కళ్లేమో అనుకున్నా.”