తిట్టుకునే వరస

ముందుగా మన్నించమని అడుగుతున్నాను. నాకు అక్షరాలు వచ్చింది యాభై ఎనిమిదో ఏట, మా ఆయన పోయాక. తప్పులుంటాయి. ఒక్క పేజీ రాయడానికి నాకు వారం పడుతుంది. అందుకని చుట్టుపక్కల ఎలా ఉందో ఏమీ రాయలేదు, మేమిద్దరం అనుకున్న మాటలే రాశాను. ఒడీల్ సమో మనిషి, నేను, అంటే సిబ్దూ, మోస్సీ. మా వగాడూగులో ఈ రెండు జాతులదీ తిట్టుకునే వరస. ఎదురుపడితే తిట్టుకోవాలి, చావింట్లో కూడా వేళాకోళం చేసి నవ్వించాలి, ఎవరికీ కోపం రాకూడదు. ఎవరు ఎవరికి బానిస అన్నది ఎప్పటికీ తేలని తగువు. ఇరవై రెండేళ్లుగా మా ఇద్దరిదీ ఒకే వాకిలి. ఆ శుక్రవారం పొద్దున్న కుళాయి దగ్గర ఒడీల్ ఏదో అంది. ఇక్కడ రాసిన మొదటి మాట నాది.

"ఏమన్నావు? మళ్లీ అను."

"నిద్ర బాగా పట్టిందా అక్కా అన్నాను."

"అక్కా?"

"మీరు పెద్దవారు కదా."

"మీరా? ఒడీల్, నన్ను మీరు అన్నావా?"

"బిందె నిండింది. నేను మోసుకొస్తానుండండి, మీ నడుం అసలే..."

"బిందె కింద పెట్టు. ముందు కింద పెట్టవే. సోమవారం నుంచి చూస్తున్నాను. సోమవారం నన్ను చూసి తలొంచుకుని పోయావు. మంగళవారం సంకటి పంపించావు, అందులో ఉప్పు కూడా సరిపోయింది. అప్పుడే అనుకున్నాను, ఏదో జరిగిందని."

"ఏం జరగలేదు."

"డాక్టరు దగ్గరికి వెళ్లావా?"

"లేదు."

"ఒంట్లో గడ్డ ఏమన్నా..."

"ఏ గడ్డా లేదక్కా."

"అయితే నాకా? నా కూతుళ్లు నీకేమైనా చెప్పారా? నేను పోతున్నానా?"

"మీకేం, గుండ్రాయిలా ఉన్నారు."

"పోయిన నెల ఇదే సంగతి ఎలా చెప్పావు? చావు కూడా నిన్ను చూసి పక్క సందులోంచి పోతుంది మోస్సీ బానిసా, అన్నావు. వినడానికి ఎంత హాయిగా ఉంది."

"అప్పుడు తెలియక అన్నాను."

"ఏం తెలియక?"

"నీళ్లు వృథాగా పోతున్నాయి, కుళాయి కట్టెయ్యనా?"

"సరే, నీ సంగతి చూస్తాను. కుక్క తలకాయ తినేదానా."

"అవునక్కా."

"నలుగురు సమోలు ఒకచోట చేరితే ఈ పేటలో కుక్కకి నిద్ర పట్టదు."

"నిజమే అక్కా."

"నిజమే ఏమిటే? మీ తాత మా తాత గుర్రానికి గడ్డి కోశాడు."

"మా తాత పేరెత్తకండి."

"ఆ. తాత దగ్గర దొరికావు. ఏమైంది తాతకి? పోయి ముప్పై ఏళ్లయింది కదా."

"ఆదివారం మా ఊరు తుగాన్ నుంచి మా బాబాయి వచ్చాడు చూడండి."

"పళ్లు లేనాయన. మూడు పళ్లేల సంకటి తిన్నాడు."

"ఆయనే. తిన్నాక చెప్పాడు. మా తాత మా టోయే ఇంటిపేరు వాళ్లకి పుట్టినవాడు కాదట. కరువు ఏడాది ఏడేళ్ల వయసులో బాట పక్కన దొరికాడట. టోయే వాళ్లు పెంచి తమ పేరిచ్చారు. అసలు ఇంటిపేరు..."

"అసలుది?"

"తాప్సోబా."

"ఏ తాప్సోబా?"

"మీ తాప్సోబాలే. మీ పుట్టింటి వాళ్లే. ఊరి పేరుతో సహా చెప్పాడు. నేను సమోనే కాదక్కా. మోస్సీని. మీ ఇంటి మోస్సీని."

"కూర్చో. ఆ బండ మీద కూర్చో."

"ముందు మీరు కూర్చోండి."

"నోర్ముయ్. అంటే ఇప్పుడు మనిద్దరం..."

"ఒకటే రక్తం. అక్కాచెల్లెళ్ల వరస. సొంత రక్తాన్ని అలాంటి మాటలంటే నోరు పడిపోతుందట. ఇరవై రెండేళ్లు తిట్టాను. ఈపాటికి నాకు మెడ దాకా పడిపోవాలి."

"నాకక్కర్లేదు."

"ఏమిటి?"

"చెల్లెలు. నాకు అయిదుగురున్నారు. అయిదుగురూ మర్యాదస్తులే, ఏడాదికి రెండుసార్లు కనబడతారు. ఇంకొకత్తె ఎందుకు?"

"వద్దంటే పోతుందా? రక్తం కదా."

"మా ఆయన్ని పూడ్చిన రోజు నువ్వేం చేశావు?"

"అదిప్పుడెందుకు?"

"చెప్పు."

"ఆయన ప్యాంటూ టోపీ వేసుకుని గోతిలో పడుకున్నాను."

"ఇంకా?"

"ఆయనలా దగ్గాను. రెండు కోళ్లిస్తే గానీ లేవను, ఇక్కడ చల్లగా ఉంది, సిబ్దూ వంట తినే బాధ లేదు అన్నాను."

"నేను నవ్వాను. రెండు రోజులుగా మంచినీళ్లు దిగని గొంతులోంచి నవ్వొచ్చింది. ఆ రోజు ఏడ్చినవాళ్లు రెండు వందల మంది. ఒక్క ముఖం గుర్తు లేదు. రేపు నేను పోతే నా గోతిలో ఎవరు పడుకుంటారు?"

"సొంతవాళ్లు అలా చేయకూడదక్కా. ఏడవాలి."

"ఏడవడానికి కూతుళ్లున్నారు. నిన్ను ఆ పనికి ఉంచుకోలేదు."

"నాకు మాత్రం ఇష్టమా? తిట్లన్నీ నోట్లోనే పులిసిపోతున్నాయి. నిన్న మీరు ఆ పసుప్పచ్చ గుడ్డ చుట్టుకుని వచ్చారు..."

"ఎలా ఉంది?"

"బాగుంది."

"ఒడీల్."

"చెప్పను. ఎల్లుండి మా బాబాయి మర్యాదకి నమిలే కోలా కాయలు పట్టుకుని మీ అన్నగారింటికి వెళ్తాడట, చుట్టరికం కలుపుకోవడానికి. ఇక ఊరంతా తెలిసిపోతుంది."

"వెళ్లనీ. మా అన్నకి కోలా ఇష్టం. నువ్వు తాప్సోబావే, కాదనను. ఇప్పుడు ముక్కు చూస్తే నాకే తెలుస్తోంది."

"మరి?"

"మరి, నేను కాదు."

"ఏమిటి మీరు కాదు?"

"తాప్సోబా. నేనూ దొరికిన పిల్లనే. మా అమ్మ పోతూ పోతూ నా చెవిలో చెప్పింది. తోమాలో దొరికానట, సమోల సంతలో, వేరుసెనగ బస్తాల మధ్య. మోస్సీవి నువ్వు. సమోని నేను."

"సంతలో."

"బస్తాల మధ్య."

"ఈ మాట ఇరవై రెండేళ్లలో ఎప్పుడూ చెప్పలేదే?"

"నువ్వెప్పుడు అడిగావు?"

"మీ అమ్మ పోయేటప్పుడు పక్కనున్నది నేను. ఆవిడకి అంతకు మూడు రోజుల ముందే మాట పడిపోయింది."

"అయితే సైగ చేసి ఉంటుంది."

"వేరుసెనగ బస్తాలని సైగ చేసిందా? సిబ్దూ, ఇటు చూడు. నా కళ్లలోకి చూడు. నువ్వు అబద్ధం చెప్తున్నావు."

"చెప్తానే, మోస్సీ బానిసా. సమోదాన్ని, ఇంకేం చేస్తాను?"

నా గుర్తింపు కార్డులో ఉన్న పేరు సిబ్దూ తాప్సోబా. వయసు అరవై మూడు. ఇప్పుడు ఉంటున్నది వగాడూగు, గుంగిన్ పేట, అదే వాకిట్లో.