పొగగొట్టంలో గోరింకలు

వరంగల్, గిర్మాజీపేట, 1979 ఎండాకాలం. మిర్చి దుకాణం రామలింగం మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని, ముద్ద ముట్టకుండా భార్య సరస్వతిని అడుగుతున్నాడు.

"పొద్దుగాల మిద్దెక్కి పొగగొట్టం చూసిన. గూడు ఖాళీగున్నది."

"గోరింకలు మేతకు పోయినయి కావచ్చు."

"పిల్లలు గూడ మేతకు పోయినయా?"

"పప్పు చల్లారుతాంది. తినుండ్రి."

"తింట. ఎన్నడు ఎగిరినయో చెప్పు."

"నిన్న... కాదు, మొన్న."

"గూటికి చీమలు పట్టినయి. వారమైనట్టున్నది."

"గొట్టం సాఫ్ చేయించాలె గదా. అందుకని ఆగిన."

"పొయ్యి ముట్టిస్తే పిల్లలు పొగకు సస్తయంటివి. స్టవ్వు మీద వండుత అంటివి. సరేనంటిని. ఇరవై రోజులాయె."

"వండుతనే ఉన్న గదా."

"స్టవ్వు గూడ చూసిన. దాంట్ల బత్తే లేదు."

"దుకాణం ఇడిచిపెట్టి ఇవే చూసుకుంట తిరుగుతాండ్రా?"

"ఈ అన్నం ఎక్కడిది, సరస్వతీ?"

"హోటల్‌ది కాదు."

"అది తెలుస్తనే ఉన్నది. హోటలోనికి ఇట్ల వండరాదు."

"అయితే తినుండ్రి మరి."

"నువ్వు గోడ అవుతలి నుంచి గిన్నె అందుకుంటాంటె మన హమాలి యాకయ్య చూసిండట."

"యాకయ్యను నా మీద కావలి పెట్టిండ్రా?"

"మాట మార్వకు. అది మా అన్న ఇల్లు. పంపకాల నాడు నన్ను దొంగ అన్న ఇల్లు. ఆరేండ్ల సంది నేను ఆ గడప తొక్కలే."

"నేనూ తొక్కలే. గిన్నె గోడ మీది నుంచే వచ్చింది."

"ఎవరు పంపుతాండ్రు? వదినెనా?"

"వదినె కాదు."

"మరెవ్వరు?"

"మీ అమ్మ."

"అమ్మనా?"

"మన గొట్టంల పొగ లేదేందని అడిగింది. గోరింకల సంగతి చెప్పిన. గంటకు గిన్నె పట్టుకొని గోడ కాడ నిలవడ్డది."

"అన్నకు తెలుసా?"

"బావ దుకాణం పోయినంకనే వండుతది."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే తినకపోదురు."

"పప్పు మంచిగ కుదిరింది, ఇన్నేండ్లకు నీకు చెయ్యి తిరిగిందంటిని గదా మొన్న..."

"ఆమెకు చెప్పిన ఆ మాట. కొంగు మొఖానికి అడ్డం పెట్టుకున్నది."

"ఆమెకు కండ్లు సరిగ కానరావు. పొయ్యి కాడ ఎట్ల కూసుంటాంది?"

"నేనూ అడిగిన. వానికి చింతచిగురు ఎంత వెయ్యాల్నో నా చేతికి తెలుసు, కండ్లెందుకన్నది."

"ఇంకేమన్నది?"

"రోజు ఒక్కటే అడుగుతది. మారు పెట్టించుకున్నడా అని."

"నువ్వేం చెప్తవు?"

"ఉన్నదే చెప్త. కోపమొచ్చిందా? పోనియ్యుండ్రి, ఇయ్యాల్నే గొట్టం సాఫ్ చేయిస్త. రేపు మన పొయ్యి మీదనే వండుత."

"ఇంకింత పప్పెయ్యి."

"గొట్టం సంగతి?"

"దాని జోలికి పోకు. అమ్మ అడిగితె, పిల్లలకు ఇంక రెక్కలు రాలేదని చెప్పు."