రెండు ఎడమ రెక్కలు

(పశ్చిమ టెక్సాస్‌లో ఒక పత్తి ఊరు. హోయ్ట్ టింకరింగ్ షెడ్డు. మధ్యలో పాత పికప్ బండి, అద్దాలన్నిటికీ పాత పేపర్లు అంటించి ఉన్నాయి. దాని ఎడమ పక్కన రేకు పనివాడు హోయ్ట్, ఊరందరికీ బాబాయ్; అతనితో డెల్మర్.)

"...అది కాదు బాబాయ్, నేను అడిగేది ఒక్కటే. ఈ బండి ముందుకు పోతోందా, వెనక్కి పోతోందా?"

"ఎటు నుంచి చూస్తున్నావు డెల్మర్?"

"ఎటు నుంచి చూస్తే ఏంటి? బండి బండే కదా!"

"ఇటు నుంచి చూస్తే ముందుకు. అటు నుంచి చూస్తే వెనక్కి."

"అదేంటి!"

"నీ వైపు మడ్‌గార్డు రెక్క చూడు. జంట చక్రాల మీద గుండ్రంగా లేచి, వెనక్కి సన్నగా జారింది. ఇప్పుడు అటు వెళ్లి కుడి రెక్క చూడు."

"నేను అటు వెళ్లను. అది వాడి వైపు. గీత దాటనని నాన్న సమాధి దగ్గర ఒట్టేశాను."

"అయితే వెనకాల నిలబడి మెడ చాపు. మెడకి ఒట్టు లేదుగా."

"ఉండు... ఓరి నాయనో! అది ముందుకి జారిందేంటి బాబాయ్?"

"ఎందుకంటే అదీ ఎడమ రెక్కే."

"రెండూ ఎడమవేనా? జీవితమంతా రేకు కొట్టావు, కుడి ఎడమలు మర్చిపోయావా?"

"నేనేం మర్చిపోలేదు. మీ తమ్ముడు అడిగాడు, చేశాను."

"తమ్ముడు అనకు. అవతలి ఆసామి అను."

"సరే, అవతలి ఆసామి. నన్ను అట్ట తిప్పనివ్వలేదు నాయనా. ఏ రెక్క చేసినా ముందు ఒక పక్కకి అట్ట కోసుకుంటాం. అదే అట్ట బోర్లా తిప్పితే రెండో పక్కది వచ్చేస్తుంది. మా నాన్నా అంతే చేశాడు, నేనూ అంతే చేస్తాను. రాయిస్ ఏమన్నాడో తెలుసా? 'వాడికి ముఖం వైపు, నాకు వీపు వైపునా? తిప్పిన సరుకు నాకొద్దు, వాడికి ఎలా ఉందో అచ్చం అలాగే కావాలి' అన్నాడు."

"అన్నాను! ఇప్పుడూ అంటాను!"

"వచ్చావా రాయిస్? ఆ పక్క తలుపులోంచి వచ్చావేం?"

"నా పక్క తలుపు అదేగా బాబాయ్. మా అన్న... అదే, ఆ అవతలాయన ఏమంటున్నాడు?"

"బాబాయ్, వాడికి చెప్పు. ఎడమ చేతి తొడుగు కుడి చేతికి ఎక్కదని చెప్పు."

"రాయిస్, విన్నావుగా?"

"నేను వినలేదు. నువ్వు చెప్పు."

"ఎడమ చేతి తొడుగు కుడి..."

"విన్నాను. దానికి నా జవాబు చెప్పు. నాన్న ఏ తొడుగు దొరికితే అది, ఏ చేతికి పడితే ఆ చేతికి వేసుకునేవాడు. ఎక్కింది."

"డెల్మర్, వాడేమంటున్నాడంటే..."

"విన్నాను బాబాయ్. నాన్నకి కుడి బొటనవేలు పత్తి మిషన్లో పోయింది, అందుకే ఎక్కింది. అది కూడా చెప్పు."

"దేవుడా! మీ ఇద్దరి మధ్య తిరిగి తిరిగి నా మోకాళ్లు అరిగిపోతున్నాయి. పోనీ రేడియో చూసైనా బుద్ధి తెచ్చుకోండిరా. దాని ఎడమ మీట శబ్దానికి, కుడి మీట స్టేషన్‌కి. ఒకడు స్టేషన్ పెడితే ఇంకొకడు శబ్దం తగ్గించేస్తాడు. మీ నాన్న పోయినప్పట్నుంచీ ఆ బండిలో ఒక్క పాట పూర్తిగా పలికిందా?"

"వాడు పెట్టేది ఏడుపు పాటలు. అది నా తప్పా?"

"డెల్మర్, మీ నాన్న 'బండి చెరి సగం' అని కన్నుమూశాడు. ఇంకెవరైనా అయితే ఒక వారం నువ్వు, ఒక వారం వాడు అనుకుంటారు. మీరేం చేశారు? ముందు నుంచి వెనక దాకా తెల్ల గీత గీశారు."

"గీత గీసింది నేను కాదు బాబాయ్. వాణ్ణి అడుగు."

"సగం నేను గీశాను, నా సగం. మిగతా సగం మీ డెల్మర్‌దే."

"రాయిస్, నువ్వు ఆగు. తర్వాత డెల్మర్ తన వైపు వెనక రెండో చక్రం తగిలించాడు."

"నా సగంలో బరువు ఎక్కువ బాబాయ్. స్టీరింగు ఉంది, నేను ఉన్నాను."

"ఏడాది పాటు వెనక ఎడమ రెండు, కుడి ఒకటి! చర్చికని బయల్దేరితే బండి ఒక పక్కకి లాక్కుపోయి బార్ ముందు ఆగేది. నేను మొత్తుకున్నా వినలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్నాడు."

"అందుకే నా వైపూ నేను రెండోది తగిలించాను బాబాయ్. అన్యాయమా?"

"న్యాయమే రాయిస్. కానీ చక్రాలు రేకు దాటి బయటికొచ్చాయి. వాన పడితే చాలు, పాస్టర్ గారి భార్య తెల్ల గౌను మీద పొలం గట్టంత బురద. అప్పుడే కదా మీ అమ్మ 'ముందుగా ఆ జంట చక్రాలకి రెక్కలు చేయించండి, శనివారం నా పెళ్లికి ఈ బండిలోనే వెళ్తాను' అంది?"

"చూశావా, మళ్లీ గుర్తు చేశావు. డెబ్బై ఒకటో ఏట పెళ్లి! పైగా ఎవరితోనో చెప్పదు."

"మీరిద్దరూ కలిసి వెళ్లి, ఒక్క నోటితో అడిగితే చెప్తానంది కదా డెల్మర్."

"నేను సోమవారం అడిగాను. వాడు మంగళవారం అడిగాడట. రెండూ చెల్లవంది."

"నేను బుధవారం కూడా అడిగాను బాబాయ్. అదీ చెల్లదంది. 'నా పిల్లలు మాట్లాడుకోని ఇంట్లోకి ఇంకో మనిషిని ఎలా తీసుకొస్తాను, శనివారం లోపు వాళ్లు మాట్లాడుకోకపోతే పెళ్లే లేదు' అంది."

"అయితే మాట్లాడుకోండిరా! నోట్లో ముత్యాలున్నాయా, రాలిపోతాయా?"

"నువ్వెందుకు బాబాయ్ అంత ఆవేశపడతావు?"

"నేనా? నాకేంటి డెల్మర్. ఏదో మీ అమ్మ... పెద్దావిడ సుఖం కోసం."

"నాకూ ఆ పెళ్లి కావాలి బాబాయ్. నిజం చెప్పాలంటే నాన్న పోయాక అమ్మ నవ్వగా చూడలేదు. ఈ చలికాలం నుంచే వంటింట్లో కూనిరాగాలు తీస్తోంది. నాకు కళ్ల నీళ్లు వచ్చాయి. కానీ ముందు వాడు పలకాలి. నేను పెద్దవాణ్ణి."

"బాబాయ్, నాకూ కావాలని చెప్పు. ముందు ఆయన పలకాలని కూడా చెప్పు. నేను చిన్నవాణ్ణి."

"ఆ మాట విన్నాక ఇంకా ముందెవరు, వెనకెవరు ఏంట్రా రాయిస్!"

"ఇంతకీ ఆ పెళ్లికొడుకు ఎవరై ఉంటాడు బాబాయ్? పత్తి మిల్లు ఓర్బీ కాదు కదా? ఆ పళ్ల సెట్టు ముసలాడు."

"ఓర్బీ కాదు."

"నీకెలా తెలుసు?"

"అంటే... పళ్ల సెట్టుతో మీ అమ్మ చేసే పెకాన్ గింజల 'పై' రొట్టె కొరకలేడు కదా. అందుకని అన్నాను."

"ఎవడైతేనేం. ఈ వయసులో పెళ్లంటే వాడికి వండి పెట్టే మనిషి కావాలి, అంతే. పని లేని సోంబేరి అయి ఉంటాడు. స్నానం కూడా వారానికోసారి... అమ్మో! హారన్ ఎవరు కొట్టారు?"

"వైరింగు రాయిస్, వైరింగు. పాత బండి కదా."

"స్టీరింగు నాది కాబట్టి హారన్ నాది. బాబాయ్, నేను కొట్టలేదని వాడికి చెప్పు."

"వైరింగు అన్నాను కదా డెల్మర్! అయినా పెళ్లికొడుకు సోంబేరని ఎలా అంటారు? పాపం, కష్టపడే మనిషేమో. రోజూ స్నానం చేస్తాడేమో. ఒళ్లంతా రేకు దుమ్ము ఉన్నంత మాత్రాన..."

"రేకు దుమ్మేంటి?"

"దుమ్ము. మామూలు దుమ్ము. ఈ ఊళ్లో ఎవరికి లేదు?"

"గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నువ్వెందుకు ఉలిక్కిపడతావు బాబాయ్? ష్... బండి లోపల ఎవరో దగ్గారు."

"పిల్లి."

"పిల్లి దగ్గుతుందా?"

"రంగు షెడ్డు పిల్లి డెల్మర్. దగ్గకేం చేస్తుంది? తలుపు తీయకు! రంగు ఆరలేదు, వేలిముద్ర పడితే మళ్లీ మొదటికి వస్తుంది. పనిలోకి రండి. అదిగో, ఆ గోనెపట్టా తియ్యి రాయిస్. అసలైన కుడి రెక్క చేసి దాచాను."

"అట్ట తిప్పావా? నేను వద్దన్నానుగా!"

"నువ్వు వద్దన్నావు. చక్రం కావాలంది. వీపు వైపేమీ కాదు, నీ వేళ్లతో తడిమి చూసుకో."

"...నున్నగానే ఉంది."

"అది నీదే. రెండు రెక్కల బోల్టులూ ఊడదీశాను, ఆ తప్పు రెక్క తీసి పక్కన పెట్టు. ఇప్పుడు వినండి. రెక్కలు రెండూ ఒకే ఎత్తులో కూర్చోవాలి. డెల్మర్, నీది నువ్వు భుజాన మోసి పట్టు. రాయిస్, నీది నువ్వు. బండి వెనక అడ్డంగా ఈ దారం, చెరో కొన మీ చేతుల్లో. ఎవరి కొన ఎంత ఎత్తుందో ఎదుటివాడే చెప్పాలి, తన కొన తనకి తెలియదు. నేను కింద దూరి బోల్టులు బిగిస్తాను."

"నువ్వు చెప్తావుగా ఎవరెంత ఎత్తాలో?"

"కింద నుంచి నాకేం కనిపిస్తుంది రాయిస్, చక్రాలు తప్ప? దూరుతున్నాను. ఎత్తండి."

"ఎత్తాను బాబాయ్. వాడి కొన కిందికి ఉంది, పైకి ఎత్తమని చెప్పు. బాబాయ్? వినపడుతోందా?"

"మ్మ్."

"మ్మ్ ఏంటి? చెప్పు వాడికి."

"మ్మ్ మ్మ్."

"బాబాయ్, నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"మ్మ్మ్!"

"నట్లా? అన్ని నట్లూ నోట్లోనే పెట్టుకున్నావా? మరి మా మాటలు ఎవరు చెప్తారు?"

"మ్మ్ మ్మ్మ్."

"సరే. నేను గోడతో మాట్లాడతాను. ఓ గోడా! కుడి పక్క ఆసామి ఎవరైనా ఉంటే అంగుళం పైకెత్తమను."

"గోడా, ఎత్తానని చెప్పు. ఎడమ పక్క పెద్దాయన తన కొన వంచేశాడని కూడా చెప్పు."

"గోడా, నా భుజం లాగేస్తోంది, నేను ముసలివాణ్ణి అవుతున్నాను అని చెప్పు."

"గోడా, నలభై నాలుగేళ్లకే ముసలితనమేంటని అడుగు."

"గోడా, ఈ రేకు నూనె చెయ్యి తగిలి జారుతోంది అని... జారుతోంది... ఒరేయ్ రాయిస్! జారిపోతోందిరా! బాబాయ్ తల దానికిందే ఉంది, పరిగెత్తుకురా!"

"వస్తున్నా అన్నయ్యా! వదలకు, వదలకు! నాది దించేశా, వస్తున్నా! పట్టుకున్నాను! ఈ మూల నేను పట్టుకున్నాను, నువ్వు ఆ మూల ఎత్తు!"

"ఎత్తాను. మెల్లిగా రా... నీ వేలు జాగ్రత్త, అక్కడ అంచు కత్తిలా ఉంది."

"నా వేలు సరే, నీ నడుము చూసుకో. కూర్చో. రెక్క కింద పెట్టేద్దాం. బాబాయ్, బతికే ఉన్నావా?"

"మ్మ్!"

"బతికే ఉన్నాడురా అన్నయ్యా. నట్లు కూడా మింగలేదు."

"అమ్మయ్య. ఇంకో జానెడు జారి ఉంటే ఊరికి రేకు కొట్టేవాడు ఉండేవాడు కాదు. ...ఒరేయ్."

"ఏంటి?"

"నువ్వు నా వైపు ఉన్నావు. గీత దాటావు."

"నువ్వు పిలిచావుగా."

"పిలిచానా?"

"'ఒరేయ్ రాయిస్' అన్నావు. ఊరంతా వినపడేలా అన్నావు."

"నువ్వు 'అన్నయ్యా' అన్నావు. అదీ వినపడింది."

"...నాన్నని సాగనంపి సమాధుల దగ్గర నుంచి వచ్చేటప్పుడు బండి నేను నడుపుతానని పట్టుబట్టకుండా ఉండాల్సింది అన్నయ్యా. నువ్వు అప్పటికే ఏడుస్తున్నావు, నడపలేవనుకున్నాను. తాళాలు లాక్కున్నాను."

"నేను ఏడవలేదు. దుమ్ము."

"సరే, దుమ్ము."

"ఏడ్చానులే. నాన్న తాళాలవి. నువ్వు లాక్కుంటే ప్రాణం పోయినట్టయింది. అది నోటితో చెప్పడం చేతకాక గీత గీశాను."

"సగం నేను గీశాను."

"సగం నువ్వు గీశావు. సరే, ఇప్పుడెలాగూ మాట్లాడేశాం. పద, అమ్మ దగ్గరికి పోయి అడుగుదాం. ఒక్క నోటితో."

"ఇంటి దాకా ఎందుకు, ఫోన్ చెయ్యి. స్పీకర్లో పెట్టు, ఇద్దరం ఒక్కసారే అందాం. బాబాయ్, నువ్వు సాక్ష్యం. తర్వాత చెల్లదంటే నువ్వే చెప్పాలి."

"మ్మ్మ్ మ్మ్మ్!"

"నువ్వు బయటికి రావేం బాబాయ్? అక్కడే చక్రం చాటున ఎందుకు దాక్కున్నావు? రేకు తీసేశాంగా. సరే, చేస్తున్నానురా రాయిస్... మోగుతోంది."

"అన్నయ్యా, ఒక్క క్షణం. ఫోన్ బండిలో మోగుతోందేంటి?"

"బండిలోనా? మనకెందుకు, ఎత్తింది, ఎత్తింది! ఒకటి, రెండు..."

"అమ్మా, పెళ్లికొడుకు ఎవరు?"

"అమ్మా, పెళ్లికొడుకు ఎవరు?"

"ఫోన్ పెట్టెయ్యండ్రా, మీ మధ్యనే కూర్చుని ఉన్నాను. ఇందాక రేకు కింద నలిగిపోకుండా ఇద్దరూ కలిసి కాపాడారే, ఆయనేరా పెళ్లికొడుకు. హోయ్ట్, నోట్లో నట్లు ఉమ్మేసి బయటికి రా, పిల్లలు అడుగుతున్నారు."