కార్డుకి గంధం బొట్టు

అది కాదండీ అత్తయ్యా, కనీసం ఫ్యానయినా వేసుకోకపోతే ఎట్లాగండీ? మీరేమన్నా పరాయి ఇంటికొచ్చారా? మన వలసరవాక్కం ఉక్కకి గోడలే చెమర్చిపోతాయి, మనిషి ఎంత!

పోనీ నేను వేద్దామంటే లేచెళ్ళి బాల్కనీలో నిలబడతారు. నిన్న అదేగా చేశారు? సరే, వెయ్యను. ఇద్దరం కలిసే ఉడుకుదాం.

ఎటు చూస్తున్నారు? ఆటో ఇంకా రాలేదండీ. ఇదిగో ఫోన్లో చూడండి, డ్రైవరు పేరు తంగరాజ్, ఆర్కాట్ రోడ్డు సిగ్నల్ దగ్గర ఇరుక్కున్నాడు. చూలై పేటలో మీ తమ్ముడు యతిరాజులు గారు మాత్రం ఎక్కడికి పోతారు? ఆ బ్యాగు ఒళ్ళోంచి దించండి. బస్సులో సీటు దొరికినట్టు ఏంటండీ అది!

మైత్రి ఆఫీసుకి పోతూ ఏమందో విన్నారుగా? "నేనొచ్చేసరికి మా అమ్మ ఈ ఇంట్లో ఉండాల. లేకపోతే నువ్వూ నీ సర్వరూ ఏడకన్నా పొండి" అంది. అందుకే ఈ బతిమాలుడంతా అనుకుంటున్నారా?

అందుక్కూడాను. అబద్ధమెందుకు.

నోరు జారానండీ. ఒప్పుకున్నాను. మొన్న ఒప్పుకున్నాను, నిన్న ఒప్పుకున్నాను, ఇవాళ కాఫీ ఇచ్చి ఒప్పుకుంటే ఆ కాఫీ కూడా ముట్టలేదు మీరు. "మా ఇంట్లో వస్తువులు ముట్టుకోకండి" అన్నాను, నిజమే. ఆ కార్డు గురించండీ బాబూ అన్నది! మీరేమో దాన్ని ఇల్లంతటికీ అంటించారు. గ్లాసు ముట్టుకోరు, టీవీ రిమోట్ ముట్టుకోరు, స్విచ్చి ముట్టుకోరు. చీకటి పడితే చీకట్లోనే కూర్చుంటారు. చూలై నుంచి మీ చెంబు మీరు తెప్పించుకున్నారు! నేను చెప్పిన మాట ఇంత శ్రద్ధగా పాటించేవాడు మా ఆఫీసులో ఒక్కడుంటే ఈపాటికి నాకు ప్రమోషన్ వచ్చుండేది.

నాకు కోపం ఎందుకొచ్చిందో ఒక్కసారి వినండి. విని అప్పుడు తిట్టండి. తిడితే సంతోషిస్తాను కూడా.

మావయ్యగారి క్యాసెట్లు మీరు నా చేతికిచ్చినప్పుడు ఎట్లా ఉన్నాయి? బూజు పట్టి, రీలు అట్టకట్టి ఉన్నాయి. జీవితమంతా సినిమాల్లో కోరస్ పాడిన మనిషి. వందమందిలో ఆయన గొంతు ఏదో ఎవరికి తెలుస్తుంది? ఆయన ఒక్కడి గొంతూ విడిగా వినపడేది ఆ ఇంటి ప్రాక్టీసు క్యాసెట్లలోనేగా. ఒక్కొక్కటీ ఒక్కసారి తిరిగింది, పాట కంప్యూటర్లోకి ఎక్కింది, రీలు పొడిపొడిగా రాలిపోయింది.

ఇంకో కాపీ తీసి పెట్టుకోలేదా అని అడక్కండి. ఆఫీసులో అందరికీ బ్యాకప్ గురించి పాఠాలు చెప్పేది నేనే.

ఆ పాటలన్నీ ఉన్నది మన సర్వర్లో, ఆ పెద్ద డిస్కుల్లో. అవి కంపెనీల వాళ్ళు వాడి పారేసిన రకం, మామూలు కంప్యూటర్‌కి తగిలించడానికి కుదరదు. మధ్యలో ఒక కార్డుండాలి. అదే, మౌంట్ రోడ్డు వెనక సందులో బాలసుందరం షాపులో పాతది ఏరుకొచ్చానే, ఆ కార్డు.

ఈ కార్డు సంగతేంటంటే, డిస్కుల మీద అది పెద్దమనిషి. తయారుచేసినవాళ్ళు దానికో బుద్ధి రాసి పంపుతారు. ఫర్మ్‌వేర్ అంటారు. ఆ బుద్ధి ఉన్నంతకాలం ప్రతిదాంట్లో తల దూరుస్తుంది. డిస్కులు నావి, నేను పంచినట్టే పంచుకోవాలి అంటుంది. ఇళ్ళల్లో సర్వర్లు పెట్టుకునే మాబోటి వాళ్ళం దాన్ని చెరిపేసి వేరే బుద్ధి రాస్తాం. నోరు మూసుకుని డిస్కులు ఇచ్చెయ్, పెత్తనం చెయ్యకు అని. దాన్నే ఫ్లాష్ చెయ్యడం అంటారు. పాతది చెరిపాక కొత్తది ఎక్కేలోపు కరెంటు పోయిందనుకోండి, ఇక కార్డు ఇటుకరాయే.

అట్లా చూడకండి. ఎవరి మీదా విసుర్లు కాదు. కార్డు సంగతే చెప్తున్నాను.

ఆయుధపూజ రోజు మీరేం చేశారు? గ్రైండరుకి బొట్టు, నా బండికి బొట్టు, మైత్రి లాప్‌టాప్‌కి బొట్టు. బల్ల మీద విడిగా పడున్న నా కార్డుకి కూడా పెట్టారు. చిన్న వస్తువని వేలితో కాకుండా అగ్గిపుల్ల మొనతో గంధం అద్దారు. అదీ ఎక్కడ? కార్డు అడుగున దువ్వెన పళ్ళలాగా బంగారు రంగు పళ్ళుంటాయే, బోర్డు గాడిలో దిగేవి, వాటి మీద! బంగారం ఉన్నచోట లక్ష్మీదేవి ఉంటుందని మీ లెక్క.

నేను చూసుకోలేదు. మర్నాడు తెచ్చి గాడిలో దోపేశాను. ఒక్క దెబ్బకి ఫ్లాష్ అయిపోయింది. నా అంత మొనగాడు లేడని ఆఫీసంతా చెప్పుకున్నాను. నాలుగు గంటలకి కాఫీ తాగేటప్పుడు మావయ్యగారి గొంతు దానంతటదే మోగేట్టు పెట్టాను. మీకు ఆ పాట కంటే మధ్యలో ఆయన అరుపే ఇష్టం. కుక్కరు విజిలేస్తే, "హైమా! దాన్ని కట్టెయ్! టేకు చెడిపోతుండాది!" అంటారే, అది. మీరు రోజూ ఈ సోఫాలోంచే "కట్టేస్తుండా, ఉండండి" అని జవాబిచ్చేవారు. నేను వినలేదనుకున్నారా?

హాయిగా నడుస్తోంది. నడుస్తుంటే నాకు నిద్ర పడుతుందా? కొత్త ఫర్మ్‌వేర్ వచ్చిందని ఎవడో రాశాడు. నా వేలు ఊరుకోలేదు. అల్లుణ్ణని అరవంలో పిలిచి మరీ మీరు అన్నారు కూడా. "బాగుండేదాన్ని ఎందుకు కెలికేది మాపిళ్ళై? ఆడుండేదాన్ని ఆడే ఉండనీ" అన్నారు. విన్నానా?

కార్డు పీకాను. పళ్ళ మీద పచ్చగా ఎండిన గంధం! ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ దీంతోనా నడిచింది అని ఆశ్చర్యపడాల్సింది, ఆ బుద్ధి లేకపోయింది! ఫోటో తీసి, "మా అత్తగారి సాంకేతిక సహాయం" అని రాసి ఆఫీసు గ్రూపులో పెట్టాను. అందరూ పగలబడి నవ్వారు. తర్వాత పెన్సిలు చెరిపే రబ్బరుతో ఆ పళ్ళు తళతళలాడేట్టు రుద్ది, శుభ్రంగా మళ్ళీ దోపాను.

అంతే. ఫ్యాన్లు గిర్రున తిరుగుతాయి, తెర మీద వెలుగు లేదు. చచ్చింది.

అప్పుడండీ నేను మిమ్మల్ని ఆ మాటన్నది. మీ గంధం నా కార్డుని తినేసింది, మావయ్యగారి గొంతు మీ చేతులారా మీరే పోగొట్టుకున్నారు అని కూడా అన్నాను. అది మైత్రికి చెప్పలేదు మీరు. ఎందుకు చెప్పలేదో నాకు తెలీదు. చెప్పుంటే ఈపాటికి నేను కూడా ఏ చూలైకో పోయుండేవాణ్ణి.

కార్డు నోరు మూయించబోయి మీ నోరు మూయించాను. చూశారా నా తెలివి.

ఆ తర్వాత నేను పడని పాట్లు లేవు. గాడి మార్చాను, వైరు మార్చాను. ఆఖరికి ఆ కార్డుని టిఫిన్ డబ్బాలో పెట్టుకుని, బస్సులు మారి, ఊరి చివర మనలిలో మా ఫ్రెండు సాయి తేజ ఇంటిదాకా పోయాను. ఆ రిఫైనరీ వాసనకి ముక్కు మూసుకుని వాడి కంప్యూటర్లో దోపితే, టకీమని లేచి కూర్చుంది! కొత్త ఫర్మ్‌వేర్ కూడా అక్కడే ఎక్కించాను. కళ్ళకద్దుకుని ఇంటికి తెచ్చి మన కంప్యూటర్లో పెడితే, మళ్ళీ పీనుగే.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు మీ గంధాన్ని తిట్టాను. అది కాదని తేలాక బోర్డుని తిట్టాను. తర్వాత సాయి తేజని తిట్టాను, వాడేం చేశాడు పాపం!

ఇప్పుడు అసలు సంగతి. ఇంకాస్త ఇటు తిరగండి, ఇది మీరు వినాలి.

నిన్న మధ్యాహ్నం నెట్‌లో ఎవడో పుణ్యాత్ముడు ఎప్పుడో రాసింది దొరికింది. ఇలాంటి కార్డులు పెద్ద సర్వర్ల కోసం చేసినవి. ఆ పళ్ళలో ఐదోదీ ఆరోదీ బోర్డుతో ఏదో విడిగా గుసగుసలాడతాయట. కొన్ని ఇంటి కంప్యూటర్లకి ఆ మాటలు పడక బిగుసుకుపోతాయి. సాయి తేజది పట్టించుకోలేదు, మనది పట్టించుకుంది. మందేంటో తెలుసా? ఆ రెండు పళ్ళ మీద కరెంటు పారనిది ఏదన్నా అడ్డం పెడితే చాలు.

ఏదన్నా అంటే, ఎండిపోయిన గంధమైనా సరే.

మీ మీద నవ్వడానికి తీసిన ఫోటో ఉందిగా? తెరిచి, పెద్దది చేసి, చివర్నించి పళ్ళు లెక్కపెట్టాను. మీ అగ్గిపుల్ల బొట్టు సరిగ్గా ఐదో పన్నూ ఆరో పన్నూ కప్పి కూర్చుంది. అటు నాలుగు మీద లేదు, ఇటు ఏడు మీద లేదు! పదేళ్ళు ఇంజినీరింగ్ చేసినవాణ్ణి, కావాలని పెట్టమన్నా నావల్ల కాదండీ అది.

అంటే ఇన్నాళ్ళూ ఆ సర్వరు నడిచింది నా ఫర్మ్‌వేర్ తోటి కాదు, మీ బొట్టుతో. రబ్బరు పెట్టి రుద్ది మరీ ఆయన గొంతు నొక్కింది నేను. నవ్వొస్తే నవ్వండి, ఆపుకోకండి.

ఇది కూడా గ్రూపులో పెట్టాలి నిజానికి. పెడతాను. రేపు.

అందుకని ఇదిగో, గంధం తీశాను. మీ సాన మీదే. మీ వస్తువు ముట్టుకున్నాను, ఏమీ అనుకోకండి, నన్ను ముట్టుకోవద్దని మీరెప్పుడూ అనలేదు కనక. పల్చగా అయిందా? చూసి చెప్పండి. చెప్పరు. సరే, తలూపండి. అగ్గిపుల్ల కూడా తెచ్చాను. లోపలికొచ్చి ఆ చేత్తో ఒక్క బొట్టు పెట్టి వెళ్ళండి. నా చేతికి ఆ గురి రాదు. మీరు పెడితే తప్ప ఆయన గొంతు పలకదు, నన్ను నమ్మండి.

తంగరాజ్ కిందకొచ్చాడా? హారనూ వినపడింది. ఉండనీండి, రెండు నిమిషాలు ఆగితే అరిగిపోడు. లేవకండి అత్తయ్యా. లేస్తే ఆ గదిలోకే లేవండి. అటు కాదు, అటుంది వీధి తలుపు! నేను చెప్పేది...

...

అయ్యో.

నాలుగైందా?

అవునండీ. ఆయనే. గదిలోంచే వస్తోంది.

లేదు, అదీ... ఎట్లా పలుకుతోందంటే...

చెప్తాను. అట్లా చూడకండి, చెప్తాను! టేపండీ. చిన్న ముక్క, ఎలక్ట్రిషియన్లు వాడే నల్ల టేపు. పొద్దున మీరు స్నానానికి వెళ్ళినప్పుడు ఆ రెండు పళ్ళ మీద అంటించాను. అప్పట్నుంచీ పనిచేస్తోంది. నాలుగింటికి దానంతటదే మోగుతుందన్న సంగతి మర్చిపోయాను. పాటలన్నీ భద్రంగా ఉన్నాయి, అన్నీ చూసుకున్నాను, ఒక్కటీ పోలేదు.

మరి నీకు నా బొట్టెందుకురా అంటారా?

టేపు కార్డుకి సరిపోయింది అత్తయ్యా. దాన్ని చూపించి, బాగైపోయింది రండి అంటే మీరు ఆగేవారా? మంచిదే మాపిళ్ళై అని మనసులో అనుకుని ఆటో ఎక్కేసేవారు. మీరు ఈ ఇంట్లో వస్తువు ఏదో ఒకటి ముట్టుకోవాలి. నేను అడిగి ముట్టించాలి. ఆ కార్డు కాకపోతే నాకింకేం తెలుసు చెప్పండి? నాకు తెలిసిన పని అదొక్కటే, అదీ మీ బొట్టు పుణ్యాన.

ఉష్, ఆగండాగండి. కుక్కరు విజిలేసింది. ఇప్పుడు అరుస్తారు చూడండి.

"హైమా..."

ఆఁ! ఏమన్నారూ?

ఏదీ, మళ్ళీ అనండి. ఆయనతో అన్నారు, నాతో కాదు, తెలుసు. అయినా మళ్ళీ అనండి!

నాతోనా? టేపు పీకాలా? ఏ టేపు, పొద్దున్నుంచీ చక్కగా పనిచేస్తున్న ఆ టేపా? బాగుండేదాన్ని కెలక్కూడదని ముందు చెప్పిందే మీరు కదండీ! గాడిలోంచి మళ్ళీ పీకి, మళ్ళీ పెట్టి...

సరే. సరే! పదండి గదిలోకి. సర్వరు ఆపేసి పీకుతున్నాను. పీకేశాను. ఇదిగో కార్డు, ఇదిగో గంధం, ఇదిగో మీ అగ్గిపుల్ల. అదీ. అబ్బ, ఏం గురండీ మీది!

కానీ ఒక్క మాట. గంధం బాగా ఎండేదాకా కార్డు గాడిలో పెట్టకూడదు. తడి తగిలితే ఈసారి నిజంగానే కాలిపోద్ది. ఎండాక మీ చేత్తోనే స్విచ్చి వెయ్యాలి. అందాకా మీరు చూలై వెళ్ళడానికి లేదు. తంగరాజ్‌ని పొమ్మంటున్నాను. ఎంతసేపు పడుతుందంటే నేనేం చెప్పను? చెన్నై ఉక్కండీ ఇది, రేపటికి ఎండొచ్చు, వచ్చే వారానికి ఎండొచ్చు.

ఎక్కడికి లేచారు? ఏం కావాలి? చెయ్యి దేనికి చాపుతున్నారు?

అయ్యయ్యో, ఇప్పుడు ఫ్యాను వెయ్యకండి అత్తయ్యా, గంధం ఎండిపోద్ది!