పచ్చి సిమెంటు మీద గీతలు

1968 వేసవి. నరసన్నపేటలో జగన్నాధం షావుకారు కొత్త ఇల్లు. గేటు నుంచి కారు షెడ్డు దాకా అప్పుడే పోసిన సిమెంటు బాట. మేస్త్రీ కూర్మయ్య టీ తాగి వచ్చేసరికి, నెత్తిన సిమెంటు గమేళాలు మోసే అతని భార్య గున్నమ్మ తాపీ పట్టుకుని బాట పక్కన మోకాళ్ళ మీద ఉంది.

"ఒసే గున్నమ్మా! ఏటే అది? గచ్చుని కోసేస్తన్నావేటే?"

"కళ్ళున్నాయి కదా మావా, సూడు. నాలుగు గీతలైనాయి. ఇంకోటుంది."

"ఇంకోటా! తాపీ ఇటియ్యి. షావుకారు బాబు రాకముందే బేగి పూడ్సేస్తాను. ఇంకాసేపైతే గట్టిపడిపోతాది."

"అందుకే కదా ఇప్పుడు కోస్తన్నాను."

"నీకేటి పిచ్చా? అద్దంలాగ ఉండాలన్నారు బాబు. పియట్టు కారు కొంటన్నారు."

"నిరుడు అరసవల్లిలో ఆ సత్రం వాకిలి కూడా అద్దంలాగే పోసినావు. ఏటైనాది?"

"దానికి... దానికి దిష్టి తగిలింది."

"దిష్టి! గుమ్మడికాయ కూడా కట్టించినావు. గుమ్మడికాయ కుళ్ళిపోనాది గాని పగులు పోలేదు."

"మెల్లగా మాటాడే!"

"సిమెంటు ఆరితే ముడుసుకుంటాది మావా. ఎక్కడో కాడ పగలాల. మనం గీత కోస్తే ఆ గీత అడుగునే పగుల్తాది, ఎవులికీ అగుపడదు. ఇశాపట్నం రేవులో నాను గమేళాలు మోసినప్పుడు, పదడుగులకోటి కోయించీవోడు ఆ ఇంజనీరు. నీకు నిరుడే సెప్పినాను."

"సెప్పినావు, సెప్పినావు. ఇప్పుడు బాబడిగితే ఏటి సెప్పాల? కుక్క తొక్కిందందాం."

"నాలుగు గీతలూ తిన్నగా తొక్కిందా కుక్క?"

"ఒసే, వస్తన్నారే... దండాలు బాబూ!"

"ఏం కూర్మయ్యా, అయిపోయిందా? ఏటిది? ఈ గాట్లేటి?"

"అది బాబూ... అది... ఏటంటే..."

"నానే కోసినాను బాబూ."

"నువ్వా? నా వాకిట్లో ఆడది తాపీ పట్టిందా? గృహప్రవేశం కాకుండానే గచ్చుకి గాటెడితే ఇంటికి అరిష్టం కాదూ?"

"గాటెట్టకపోతే గచ్చే నిలవదు బాబూ. పూడ్సుకుంటే పూడ్సుకోండి. వానల్లోపు దానికి నచ్చిన కాడ అది పగుల్తాది."

"నాకే ఎదురు చెబుతావా? గమేళా మోయడానికొచ్చావు, మోసి పో!"

"పన్నెండేళ్ళు మోసినాను. నెత్తి మీద బరువున్నంత మాత్రాన నెత్తిలో ఏటీ ఉండదనుకున్నారా? కడుపు మండతన్నాది నాకు. పనోళ్ళందరి కంటే ముందు సూసింది నాను, నేర్సుకున్నది నాను. ముట్టుకుంటే మాత్రం అరిష్టం!"

"తాపీ కింద పెట్టు."

"ఎట్టను."

"ఇద్దర్నీ తీసేస్తాను! ఈ ఊళ్ళో మిమ్మల్ని పన్లోకి పిలిచేవాడుండడు, జాగ్రత్త!"

"గున్నమ్మా, ఒగ్గీయే. నీ కాళ్ళట్టుకుంటాను."

"కాళ్ళెందుకు మావా? సేతులట్టుకో, లాగేసుకో. నువ్వు లాక్కుంటే ఇచ్చేస్తాను. ఆయన సెప్తే మాత్రం ఇవ్వను."

"విన్నావా కూర్మయ్యా? లాక్కో. లాక్కుని ఆ గాట్లు పూడ్చెయ్యి."

"బాబూ..."

"ఏటి, అలా నిలబడిపోయావేటి? ఇక్కడ మేస్త్రీవి నువ్వా, అదా?"

"అదే బాబూ మేస్త్రీ. నాను సిమెంటు కలపడానికొచ్చినాను."