మూడో పిలుపుకి చెంచమ్మ కుర్చీ

చెంచమ్మని ఒకామె ఉండేదంట. ఉండేదంట ఏంటి నా మొహం, ఉంది, మా ఇంటికి నాలుగిళ్ళ అవతలే ఉంది, పొద్దున కూడా చూశాను. కథ అనేసరికి నోటికి అట్లా వచ్చేస్తుంది. ఇందులో సగం నా కళ్ళతో చూసిందే అనుకో, అయినా అంట అంట అనే చెప్తాను, చూశానన్నానంటే రేపు పంచాయతీలో సాక్ష్యానికి పిలుస్తారు. మధ్యలో నన్ను మాట్లాడించకండి, ఈమధ్య ఒక మాట పక్కకి పోయిందంటే మళ్ళీ తిరిగి రావడం లేదు. అందుకే పేర్లన్నీ చీటీ మీద రాసి పెట్టుకున్నాను. ఆ చీటీ ఎక్కడ పెట్టానో అదొక్కటే తెలియడం లేదు. సరే, వినండి.

ఈ చెంచమ్మకి రెండు కాళ్ళూ చిన్నప్పుడే పోలియోకి పోయినాయి. వాళ్ళ నాయన కొండయ్య మోటార్లకి వైండింగ్ చేసేవాడు, అంటే కాలిపోయిన మోటారు విప్పి, మాడిన రాగి తీగ పీకేసి కొత్త తీగ చుట్టే పని. కూర్చుని చేసేదే కదా అని కూతురికీ నేర్పాడంట. నేర్పాడో లేదో, నాయన్ని మించిపోయింది. ఊళ్ళో ఎవరి బోరు మోటారు కాలినా చెంచమ్మ ముందుకి రావాల్సిందే. ఊరందరి పొలాలకీ నీళ్ళు ఆమె చేతి మీదుగానే పోతాయి, ఆమె అరెకరానికి మాత్రం పోవు. ఎందుకంటే ఆ అరెకరం చెరువు కింద ఉంది, దానికి బోరు లేదు, చెరువు నీళ్ళే దిక్కు. చెరువు నీళ్ళకేమో మా ఊళ్ళో ఒక రూలుంది. ఏంటంటే, నీళ్ళు వంతుల మీద వస్తాయి. నీరుకట్టు పోలయ్య, చెరువు నీళ్ళు పంచేవాడు, తెల్లారేసరికి కాలవ వెంబడి నడుచుకుంటా వచ్చి ఒక్కో పొలం దగ్గర నిలబడి పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తాడు. మూడో పిలుపు అయ్యేలోపల ఆ ఇంటి మనిషి గట్టు మీదుండి, చేతిలో పార పెట్టుకుని, మడవ తెంచుకోవాలి. మడవంటే గట్టులో నీళ్ళు దిగే చోటు. కూలోళ్ళని పంపకూడదు. ఒకప్పుడు పంపేవాళ్ళంట, వాళ్ళు ఆ పారలతో గట్లు తెంచకుండా తలకాయలు తెంచుకున్నారంట. పార ఇంకొకరికి ఎరువియ్యకూడదు, అంటే వాడుకుని తిరిగిమ్మని కూడా ఇయ్యకూడదు, ఇస్తే నీ నీళ్ళు నువ్విచ్చేసినట్టే. వరసగా మూడు వంతులు పోగొట్టుకుంటే, ఇక ఆ పంటకి నీ నీళ్ళు నీ కింది పొలం వాడివి. చెంచమ్మకి కింది పొలం మస్తానయ్యది. ఎంత మంచివాడో మస్తానయ్య. కొండయ్య పోయిన పదకొండో రోజునే వచ్చి, నీకెందుకమ్మాయ్ ఈ కష్టం, ఆ పొలం నాకు కౌలుకిచ్చేయ్, నీకు తిండిగింజలు నేను చూసుకుంటా అన్నాడంట. పప్పన్నం తిని, చెయ్యి కడుక్కోకముందే అన్నాడంట.

చెంచమ్మ ఇయ్యనంది. నాయన ఉన్నన్నాళ్ళూ గట్టు మీద ఆయన పలికాడు, ఇప్పుడు నేను పలుకుతానంది. పలకడానికి నీకు కుర్చీ ఉంది కదా అన్నారు అందరూ. ఉంది. సర్కారు వాళ్ళు ఇచ్చారు దాన్ని. ఇచ్చిన రోజు ఫోటో తీశారు, ఒక్క కుర్చీని పదకొండు మంది పట్టుకున్నారు, ఆ పదకొండు మందిలో చెంచమ్మ ఎక్కడుందో వెతుక్కోవాలి. సైకిలు చక్రాల్లాంటి సన్న చక్రాలు, ముందర బొటనవేలంత బుల్లి చక్రాలు. సిమెంటు రోడ్డు మీద ఎంత బాగా పోతుందో. మా ఊళ్ళో సిమెంటు రోడ్డు ప్రెసిడెంటు గారి గేటు దాకా ఉంది. ఆ తర్వాత రోడ్డేంటి, దేశమే లేదు. అక్కడి నుంచి పొలాలకి బండిబాట, ఆ బాటంతా నల్లరేగడి. మొదటి వంతు రోజు చెంచమ్మ చీకటితోనే బయలుదేరిందంట, గేటు దాటి నాలుగు బారలు పోయిందో లేదో బుల్లి చక్రాలు రేగట్లో కూరుకుపోయినాయి. అట్లా కూరుకుని కూర్చునే ఉంది, అవతల పోలయ్య పిలుపు వినపడింది. వస్తన్నా మామా అని అరిచిందంట. రెండోసారీ అరిచింది, మూడోసారీ అరిచింది. పోలయ్య విన్నాడు, విననట్టు ఊరుకోలేదు పాపం, ఎంతో పద్ధతైన మనిషి. తర్వాత వచ్చి ఏమన్నాడంటే, "గొంతొచ్చింది చెంచమ్మా, మనిషి రాలేదు" అన్నాడు.

అప్పుడు ఈమె పెద్దమనుషుల్ని అడిగిందంట, నా సంగతి తెలిసిందే కదా, నా ఒక్కదానికి ఈ గట్టు రూలు సడలించండి అని. దానికి వాళ్ళు మీటింగు పెట్టారు. ఉత్త మీటింగు కాదు, టీలు తెప్పించి పెట్టారు. మాకూ జాలుందమ్మా అని ఒకరు, జాలి వేరు రూలు వేరని ఇంకొకరు, ఇవ్వాళ కాళ్ళు లేవంటారు రేపు నడుం నొప్పంటారు అని మస్తానయ్య. పొద్దున మొదలుపెట్టి ఎండెక్కిందాకా మాట్లాడి రూలు రూలేనని తేల్చారు. తేల్చి లేచేసరికి ఏమైందంటే, ఆ పొద్దున్నే చెంచమ్మ రెండో వంతు. పోలయ్య పిలిచిపోయాడు. ఆమెని పెద్దమనుషుల ముందు కూర్చోబెట్టి ఆమె వంతు పోగొట్టారు, అదీ వాళ్ళ జాలి. ఇంక మిగిలింది ఒక్క వంతు. పన్నెండు రోజుల్లో వస్తుంది. వరి అప్పటికి పొట్ట మీదుంది, ఈ నీళ్ళు తగలకపోతే గింజ పాలు పట్టదు. మస్తానయ్య రోజూ ఆ గట్టు మీదికి పోయి, ఆ పైరు వంక చూసి, అయ్యో అయ్యో అంటున్నాడంట. కడుపు నిండినట్టు అంటున్నాడంట.

చెంచమ్మ ఏడవలేదు. ఏడిస్తే తీగ కనపడదు అంటుంది ఎప్పుడూ. పాత ఇనప కొట్టు నుంచి మాడిపోయిన బ్యాటరీ ఆటో మోటార్లు రెండు తెప్పించుకుంది. మాడిన మోటారు చూస్తే ఆమెకి ప్రాణం లేచొస్తుంది కదా, రెండింటికీ మూడు రోజుల్లో కొత్త తీగ చుట్టేసింది. దమ్ము చేసే పవర్ టిల్లరుది విరిగిందొకటి దొరికింది, దాని చక్రాలు, మట్టిలో పళ్ళు దించినట్టు దిగే పెద్ద గళ్ళ టైర్లు, అవి వెనక. ముందర స్కూటరు చక్రాలు. చక్రాలు మొత్తం నాలుగు. నాలుగే, నేను లెక్కపెట్టాను, ఇది మర్చిపోలేదు. సీటు పాత ఆటోది. సీటు కింద బ్యాటరీలు. ఇనప గొట్టాలు కోసి, నేల మీద కూర్చుని, మొహానికి నల్ల అద్దం అడ్డం పెట్టుకుని వెల్డింగు కూడా తనే చేసుకుంది. పక్కన పార నిలబెట్టడానికని ఒక కొక్కెం పెట్టింది, ఆ కొక్కెం గుర్తుపెట్టుకోండి. నడపడానికి రెండు పిడులు, కుడి చేతి పిడి కుడి చక్రానికి, ఎడమ చేతి పిడి ఎడమ చక్రానికి. ఇదంతా చేస్తున్నంత సేపూ వాకిట్లో జనమే జనం. ఇంట్లో బల్బు మార్చుకోవడం చేతకాని వాళ్ళందరూ వచ్చి, ఇనుము ఇంకా లావుది పెట్టాల్సింది, సీటు ఇంకా వెనక్కి జరపాల్సింది అని చెప్పి పోతుండేవాళ్ళు. నేనూ పోయాను. నేనేం చెప్పలేదు, ఒక దిండు పెట్టుకోమన్నానంతే.

ఏడో రోజునో ఎనిమిదో రోజునో కుర్చీ వీధిలోకి దింపింది. ఎనిమిదే. ఎక్కి కూర్చుని రెండు పిడులూ ముందుకి తోసిందంట. అది ముందుకి పోతుందా, పోలేదు. ఉన్నచోటే గిర్రున తిరిగింది. చెంచమ్మ కొప్పూడిపోయింది, కోళ్ళు ఇళ్ళెక్కినాయి, కుర్చీ ఆగేసరికి వీధిలో బండి చక్రమంత గుంట పడింది. నవ్వినవాళ్ళు నవ్వారు, దిష్టి కొట్టిందని నిమ్మకాయ తెచ్చినవాళ్ళు తెచ్చారు. మస్తానయ్య మాత్రం నవ్వలేదు, అంత పెద్దమనిషి. ఇది గానుగకైతే పనికొస్తుందమ్మాయ్, నూనె తీసుకోవచ్చు అన్నాడంతే. చెంచమ్మ కాసేపు ఆ గుంట వంకే చూసిందంట. రెండు మోటార్లూ ఎదురెదురుగా బిగించాను కదా, ఒకటి ముందుకి తిరిగితే ఇంకొకటి వెనక్కే తిరుగుతుంది, ఊరంతటికీ మోటార్లు చుట్టేదాన్ని, ఇంత మాత్రం తెలియలేదేంటి నాకు అని తనని తనే తిట్టుకుని, ఒక మోటారు తీగలు రెండూ అటుదిటు ఇటుదటు మార్చింది. ఈసారి రెండు పిడులూ తోస్తే ముందుకే పోయింది. పేడదిబ్బ ఎక్కి దిగింది. పోలయ్య కూడా వచ్చి చూశాడు. చూసి, బాగుంది గాని పార మర్చిపోమాక అన్నాడంట. ఇంత చేసిన మనిషికి పార సంగతి చెప్పాలా అని అందరూ పోలయ్యని ఎగతాళి చేశారు.

కుర్చీ పోతుందని తెలిశాక ఊరికి అసలు దిగులు పట్టుకుంది. దానికి రంగేం వేస్తారు అని. మీకు తెలియదేమో, మా ఊళ్ళో రంగు లేకుండా ఏదీ బతకలేదు. ఇప్పటి ప్రెసిడెంటు పార్టీది వంగపండు రంగు, పాత ప్రెసిడెంటుది చిలకపచ్చ. వాటర్ ట్యాంకుకి రంగు మారింది, బడికి మారింది, వల్లకాటి గోడకీ మారింది. బర్రెలు తప్పించుకున్నాయంటే అవి నిలబడవు కాబట్టి. ప్రెసిడెంటు స్వయంగా వచ్చి, కుర్చీకి మన రంగు వేయించమ్మా, ఫోటో నేను తీయిస్తా అన్నాడంట. ఆయన అటు పోగానే పాత ప్రెసిడెంటు వచ్చి, మన రంగే వేయించాలి అన్నాడు. చెంచమ్మకి ఫోటో గొడవ లేదు, దారి గొడవ ఉంది. పొలానికి పోయే బాటకి ఎడమ పక్కంతా ప్రెసిడెంటు పొలాలు, కుడి పక్కంతా పాత ప్రెసిడెంటు పొలాలు. ఆ బాట ఎవరిదో మా తాతల నాటి నుంచి తేలలేదు. ఎవరికి కోపమొచ్చినా ముళ్ళకంప అడ్డమేస్తారు. కంప తీయించాలంటే మీటింగు పెట్టాలి, మీటింగు పెడితే మూడో వంతూ పోతుంది.

అందుకని వంతుకి ముందు రోజు లారీలకి బోర్డులు రాసే ఖాదర్ బాషాని పిలిపించిందంట. ఏం వేయమంటావు చెంచక్కా, నెమలా, తామర పువ్వా అన్నాడు వాడు. ఏం వద్దు ఖాదరూ, ఎడమ పక్క వంగపండు రంగు, కుడి పక్క చిలకపచ్చ, మధ్యలో గీత గీసినట్టు వెయ్యి అంది. వాడు నవ్వాడంట. తర్వాత పిచికారీ చేతిలో పట్టుకుని అట్లాగే ఆలోచించి, పోయేటప్పుడు సరే అక్కా, వచ్చేటప్పుడు పక్కలు మారతాయి కదా అన్నాడు. "వచ్చేటప్పటి సంగతి నీళ్ళు పారినాక చూద్దాం, పోయేది వెయ్యి ముందు" అంది చెంచమ్మ. బాగా వేశాడు. మురిపెంగా వేశాడు. చక్రాలకి కూడా ఒకదానికి ఆ రంగు, ఒకదానికి ఈ రంగు చుట్టలు తిప్పాడు. కొక్కేనికున్న పార మీద రంగు పడుతుందని, మంచి పనివాడు కదా, తీసి గోడకి ఆనించి పెట్టాడు.

ఇంక మూడో వంతు. తెల్లారింది. నేనూ పోయాను, చూడలేదు, పోయానంతే. చెంచమ్మ కుర్చీ బాట మీద పోతుంటే ఎడమ గట్టు మీద ప్రెసిడెంటు మనుషులు చూశారు, అబ్బో మన రంగే అనుకున్నారు. కుడి గట్టు వాళ్ళు చూశారు, మనదే అనుకున్నారు. కంప ఎవరూ వేయలేదు. గళ్ళ టైర్లు రేగడిని వెన్నలాగా కోసుకుంటా పోయినాయి, గట్టెక్కినాయి, మడవ దగ్గర నిలబడినాయి. మస్తానయ్య అప్పటికే కింది గట్టు మీద పార భుజాన పెట్టుకుని ఉన్నాడు, రాత్రి అక్కడే పడుకున్నాడేమో. పోలయ్య వచ్చి, కొండయ్య కూతురు చెంచమ్మా అని మొదటి పిలుపు పిలిచాడు. "ఉన్నాను మామా, గట్టు మీదే ఉన్నాను" అంది. చూడ్డానికొచ్చిన ఊరంతా హమ్మయ్య అని ఊపిరి వదిలింది. పోలయ్య కుర్చీ చుట్టూ ఒకసారి చూసి, పార ఏది తల్లీ అన్నాడు. చెంచమ్మ పక్కకి చెయ్యి వేసింది. కొక్కెం ఉంది. పార లేదు. గోడకి ఆనించి చక్కగా ఉంది ఇంట్లో. ఇంటికి పోయి రావాలంటే మూడు పిలుపులు కాదు, మూడు పూటలు పడుతుంది. పోలయ్యకి చేతిలో పారుంది, ఇయ్యకూడదు. మస్తానయ్యకి భుజాన పారుంది. ఆయన వంక చూసిందంట ఈమె. పార ఎరువిస్తే నీళ్ళిచ్చినట్టే కదమ్మాయ్, రూలు నేను పెట్టానా అన్నాడు ఆయన, ఎంతో బాధగా. పోలయ్య రెండో పిలుపు పిలిచాడు. ఇష్టం లేకుండానే పిలిచాడంట, పిలవడం మాత్రం ఆపలేదు.

చెంచమ్మ ఆ పైరు వంక చూసింది, నాయన నాటించిన చివరి పైరు అది. తర్వాత కింద చక్రం వంక చూసింది. చూసి కుర్చీని మెల్లిగా జరిపి ఒక వెనక చక్రాన్ని సరిగ్గా మడవ మీదికి తెచ్చి, కుడి పిడి ముందుకి తోసింది, ఎడమ పిడి వెనక్కి లాగింది. ఏమైంది, వీధిలో అయిందే మళ్ళీ అయింది. కుర్చీ ఉన్నచోటే గిర్రున తిరిగింది. ఒక చుట్టు, రెండు చుట్లు, మూడు చుట్లు. గళ్ళ టైరు గట్టుని పళ్ళతో కొరికి పారేసింది. బురద ఆకాశానికి లేచి పోలయ్య తలపాగా మీద పడింది, మస్తానయ్య ఇస్త్రీ చొక్కా మీద పడింది, నా మీదా పడింది. కుర్చీ పక్కకి తప్పుకునేసరికి కాలవ నీళ్ళు దబదబా చెంచమ్మ పొలంలోకి దిగినాయి. మస్తానయ్యే అన్నాడు, ఇది చెల్లదు, చేతిలో పార లేదు అని. పోలయ్య మొహం మీద బురద తుడుచుకుని తెగిన మడవ వంక చూశాడు. మూడో పిలుపు నోట్లోనే ఉంది ఆయనకి. "పారెందుకురా మస్తానూ? మడవ తెంచడానికి. తెగిందా లేదా?" అన్నాడు. అని, చెరువు వైపు తిరిగి, ప్రతి వంతుకీ చెప్పినట్టే చెప్పాడు, "కొండయ్య కూతురు చెంచమ్మ మడవ తెగింది" అని.

మడవ తెగడం కాస్త ఎక్కువే తెగింది. కాలవలో నీళ్ళన్నీ అటే పోతున్నాయి, కింది పొలానికి చుక్క లేదు. నీరుకట్టు ఒకరి మడవ ముట్టుకోకూడదు, అదీ రూలే. ఇంకెవరు, మస్తానయ్యే ఉరుక్కుంటా వచ్చి, పంచె ఎగ్గట్టి, తన పారతో చెంచమ్మ మడవని సరిచేశాడంట. ఎంత నీటుగా చేశాడో, కొండయ్య కూడా అట్లా చేసేవాడు కాదు. చెంచమ్మ కుర్చీలో కూర్చుని, ఇంకాస్త ఎడమకి మస్తానన్నా అంటుందంట.

వచ్చేటప్పుడు పక్కల గొడవేం రాలేదు. వంగపండూ లేదు చిలకపచ్చా లేదు, కుర్చీ నిలువునా నల్లరేగడి. రెండు గట్ల మీదోళ్ళూ కళ్ళు చిట్లించి చూసి, అది మనదేనా అని వాళ్ళలో వాళ్ళు అడుక్కున్నారంట. ప్రెసిడెంటు ఫోటో కోసం కుర్చీ కడిగించమని కబురు పంపాడు, కోతలయ్యాక కడుగుతానంది. ఖాదర్ బాషా ఒక్కడే బాధపడ్డాడు, ఎంత మెరుగొచ్చిందో ఎవరూ చూడలేదని. పెద్దమనుషులు మళ్ళీ టీలు తెప్పించుకుని, ఇక మీదట పార గాని, పార పని చేసేది ఇంకేదైనా గాని చెల్లుతుందని తేల్చారు. ఆ మాట ముందే తేల్చి ఉంటే టీలన్నా మిగిలేవి.

ఇదీ సంగతి. ఇందులో నేనేమన్నా మర్చిపోయుంటే పోనీయండి. ఇంట్లో వాళ్ళు పొయ్యి మీద పాలు మర్చిపోయావు, తాళం చెవి మర్చిపోయావు అని పొద్దుగూకులూ నన్ను సాధిస్తారు కదా, ఇక మీదట వాళ్ళకి చెప్పడానికి ఒకటి దొరికింది. చెంచమ్మ పార గుర్తుపెట్టుకుని పోయుంటే, బుద్ధిగా గట్టు తెంచుకుని వచ్చేది, మస్తానయ్య పొడి చొక్కాతో ఇంటికి పోయేవాడు, మీకు ఈ కథ ఉండేది కాదు. అదుగో, చీటీ దొరికింది, కొంగునే ఉంది. ఇందులో ఏడు పేర్లున్నాయి, నేను చెప్పింది ఐదే. ఆ మిగతా ఇద్దరూ ఎవరో, ఈ కథలోకి ఎందుకొచ్చారో మీకేమన్నా తెలుసా?