నచ్చని గ్లాసుల ముందు ఇరవై ఆరేళ్లు

ఈ వీడ్కోలు సాయంత్రానికి అధ్యక్షులుగా కూర్చున్న, మా పీపాలన్నిటినీ తన చేత్తో చేసిచ్చిన వడ్రంగి బాబాయిగారికి, ముందు వరుసలో నేనేం మాట్లాడతానో అని అప్పుడే కళ్లజోడు తుడుచుకుంటున్న అక్కయ్యగారికి, నాతో పాటు సీసాలు కడిగి, మూతలు బిగించి, ట్యాంకులు తోమిన మిత్రులకు, ఇవాళ పని రెండు గంటల ముందే ఆపేశారన్న సంతోషంతో వచ్చినవారికి కూడా (నవ్వులు) నా నమస్కారాలు.

నాకన్నా ముందు మాట్లాడిన వాళ్లంతా నా నాలుకను తెగ పొగిడారు. అది ఎంత మొండి నాలుకో వాళ్లకు తెలియదు. ఇరవై ఆరేళ్ల కిందట ఈ బ్రూవరీకి నేను మూతలు బిగించే పనికి వచ్చాను. అప్పట్లో నాకు నచ్చిన బీరు ఒక్కటే, గోధుమతో చేసే తేలికపాటిది. చేదుది కషాయంలా ఉండేది, నల్లది మాడిన రొట్టెలా ఉండేది, పొగ వాసనది తాగితే తడిసిన పొయ్యిని నాకినట్టుండేది. ఇక పుల్లది పేరెత్తితేనే నా ముఖం ఎటు తిరిగేదో నాకే తెలియదు. మూతులు వంకర పెట్టే మనిషిని మూతల దగ్గర కూర్చోబెట్టారని వెనక బెంచీలోని మా ప్యాకింగ్ అన్నయ్య అనేవాడు. ఇప్పుడు నవ్వుతున్నాడు చూడండి. (నవ్వులు)

ఈ బ్రూవరీ పెట్టిన మాస్టారు, అంటే మన అక్కయ్యగారి భర్త, ప్రతి గురువారం మధ్యాహ్నం మూడింటికి లేబుళ్ల గదిలో కిటికీ పక్కన బల్ల వేయించి, ఐదు గ్లాసులు పెట్టి, నలుగురితో రుచి చూపించేవారు. ఒక గురువారం ఆ నలుగురిలో ఒకరికి జలుబు చేసింది. దారిన పోతున్న నన్ను పిలిచి కూర్చోబెట్టారు. చేదు గ్లాసు నోట్లో పెట్టుకోగానే బాగాలేదన్నాను. ఆయన నవ్వలేదు, విసుక్కోలేదు. బాగుందా అని తాను అడగలేదని, అందులో ఏముందో చెప్పమని అన్నారు. చేదన్నాను. ఎలాంటి చేదని అడిగారు. చేదులో కూడా రకాలుంటాయా అనుకుంటూనే, నిమ్మతొక్క కొరికినట్టుందన్నాను. ఆ మాట పుస్తకంలో రాసుకున్నారు. ఆ మరుసటి వారం నుంచి ఆ కుర్చీ నాదైపోయింది.

అయితే నాకిష్టమైన గోధుమది ఏనాడూ నా ముందు పెట్టలేదు. అన్నీ నేను అసహ్యించుకునేవే. వంకరగా బిగించిన మూతలకి పగ తీర్చుకుంటున్నారనే చాలాకాలం నమ్మాను. ఉండబట్టలేక ఒకసారి అడిగేశాను. "నచ్చినదాన్ని నువ్వు వెనకేసుకొస్తావమ్మా. నచ్చనిది నీ దగ్గర తప్పించుకోలేదు" అన్నారు.

నేను చేరిన ఐదో ఏడు మాస్టారికి పెద్ద జ్వరం వచ్చింది. మూడు వారాల తర్వాత చిక్కిపోయి, చొక్కా వదులై తిరిగొచ్చారు. ఆ వారమే ఒక పొద్దున నాలుగో ట్యాంకు దగ్గర గ్లాసు నింపి, వాసన చూసి, ఒక గుక్క తాగి, బాగుంది, సీసాల్లోకి పంపించండి అన్నారు. మూతల డబ్బా మోసుకుంటూ అటుగా వెళ్తున్న నాకు నాలుగడుగుల దూరానికే పాచిపోయిన వెన్న కంపు కొట్టింది. ఆగిపోయి ఆయన ముఖంలోకి చూశాను. ఆయన నా ముఖంలోకి చూశారు. నా ముఖం ఏదీ దాచుకోలేదని ఆయనకు తెలుసు.

లేబుళ్ల గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"జ్వరం పోతూ పోతూ నా ముక్కుని పట్టుకుపోయింది. ఏ వాసనా తెలియట్లేదు. మీ అక్కయ్యగారికి కూడా చెప్పకు."

తలూపాను. ఆ నాలుగో ట్యాంకు మొత్తం కాలవలోకి వదిలేసి, వాల్వు లీకైందని చెప్పాం. ఆ రోజు ట్యాంకుల గది కడిగినవాళ్లు ఈ హాల్లో ముగ్గురున్నారు. వాల్వు బాగానే ఉందండీ, మమ్మల్ని మన్నించాలి. (నవ్వులు)

అప్పటిదాకా నచ్చకపోవడం నాకొక సరదా. ఆ రోజుతో ఆ సరదా తీరిపోయింది. పులుపో చేదో నాలుక చెబుతుంది, మిగతా రుచంతా ముక్కు పనే. కాబట్టి ఆయన ఎదురుగా కూర్చుని, ప్రతి గ్లాసులో ఏముందో నేను చెప్పాలి, ఆయన విని మొలకగింజల మాల్టు పెంచాలో చేదునిచ్చే హాప్స్ పూలు తగ్గించాలో తేల్చుకోవాలి. నల్లదాన్ని మాడిన రొట్టె అని తోసేస్తే కుదరదు. ఎంత మాడింది, అడుగు మాడిందా అంచు మాడిందా అని అడిగేవారు.

ఇంతలో పీపాలు తెరిచే రోజు వచ్చింది. జ్వరం రాకముందు ఆయన ఎంతో ఆశపడి, బాబాయిగారి చేత నాలుగు కొత్త పీపాలు చేయించి, పుల్ల బీరు పోసి పద్దెనిమిది నెలలు కదపకుండా ఉంచారు. జీవితంలో అలా పీపాలో పండిన పుల్లదొకటి చేయాలన్నది ఆయన కోరిక. దాని రుచి ఆయనకు ఇక తెలియదు. గ్లాసు నా చేతికిచ్చారు. తాగాను. పారబోయమంది నా నాలుక. కానీ పుల్లటివాటి విషయంలో దాన్ని నేనే నమ్మను. పది రోజులు గడువు అడిగాను.

మా ఎదురు వీధిలో దర్జీ ఒకాయన ఉండేవారు. రోజూ మధ్యాహ్నం, అక్కయ్యగారు బీరు అమ్మే మా ముందు గదికి వచ్చి, అరగ్లాసు పుల్లది తాగి వెళ్లేవారు. ఆయన ఎదురుగా కూర్చుని, అందులో మీకేం కనిపిస్తుందండీ అని అడిగాను. మొదటి గుక్కకి ఎవరైనా ఉలిక్కిపడతారని, ఆ ఉలికిపాటునే రుచి అనుకుని లేచిపోవద్దని, మూడో గుక్కదాకా ఓపిక పట్టమని చెప్పారు. పది రోజులు ఒక కన్ను మూసుకుని మూడో గుక్కదాకా ఓపిక పట్టాను.

పదకొండో రోజు మాస్టారి ముందు కూర్చున్నాను. మూడో పీపాలోది గోళ్లరంగు వాసన కొడుతోంది, పనికిరాదన్నాను. మిగతా మూడింటిలో మొదట పచ్చి ఆపిల్ తొక్క ఉందని, తర్వాత చిత్రిక పట్టిన కొత్త చెక్క ఉందని, చిట్టచివర వాన వెలిసిన గోడ వాసన కొద్దిగా తగులుతోందని చెప్పాను. ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వింటున్నారు.

"చెక్క ముందొస్తోందా, వెనకొస్తోందా?"

"వెనకండీ."

ఆయన లేచి, కడిగిన గ్లాసునే మళ్లీ కడగడం మొదలుపెట్టారు. అటు తిరిగే, "అయితే అనుకున్నదే వచ్చింది" అన్నారు.

(గ్లాసు కోసం చెయ్యి చాపి) క్షమించాలి. నీళ్లు ఇవ్వండి.

తర్వాత ఇటు తిరిగి, అంతకు ముందెన్నడూ అడగనిది అడిగారు, నీకు నచ్చిందా అని. లేదు మాస్టారూ, పళ్లు ఇంకా జివ్వుమంటున్నాయి అన్నాను. జ్వరం తర్వాత ఆయన మనసారా నవ్వడం అదే మొదటిసారి. "హమ్మయ్య. అయితే నువ్వు చెప్పిందంతా నిజమే" అన్నారు.

ఆయనకు వాసన మళ్లీ రాలేదు. ఇంకో తొమ్మిదేళ్లు ఈ బ్రూవరీని నడిపారు. ఆ పుల్లదాన్ని మెచ్చుకున్న ప్రతివాళ్లనీ, మీకేం రుచి తగిలిందండీ అని కూర్చోబెట్టి మరీ అడిగేవారు. వినయం కొద్దీ అడుగుతున్నారని అందరూ అనుకున్నారు.

మూడేళ్ల కిందట ఆయన పోయాక, ఇన్నాళ్లు దాచిన మాట చెప్పేయాలని అక్కయ్యగారింటికి వెళ్లాను. ఆవిడ సగంలోనే ఆపేశారు. జ్వరం తగ్గిన వారంలోనే, పొయ్యి మీద పాలు పొంగి మాడి వంటిల్లంతా కమురు కంపు కొడుతుంటే, ఆ పక్కనే కూర్చుని మాస్టారు పేపరు చదువుకుంటున్నారట. ఆవిడకు అప్పుడే తెలిసిపోయింది. తెలిసినట్టు తేలితే చిన్నబోతారని ఊరుకున్నారు. ఆ రోజు నుంచి ఆయన పోయేదాకా, ప్రతి భోజనానికీ తన వంటకు తానే వంకలు పెట్టుకున్నారు. ఇవాళ వెల్లుల్లి కాస్త మాడింది, వాసన వస్తోంది కదండీ అనేవారట. అవును, కొంచెం మాడింది అనేవారట ఆయన.

ఈ సంగతి పదిమందిలో చెప్పవచ్చా అని నిన్న ఆవిడనే అడిగాను. "చెప్పవే. ఆయనకి కోపం వస్తే ఇద్దరం కలిసి పడదాం" అన్నారు.

అక్కయ్యగారూ, మీకు నా నమస్కారం. బాబాయిగారికి, ఇన్నేళ్లు నా మాట మీద నమ్మకంతో సీసాలు నింపిన మీ అందరికీ కృతజ్ఞతలు. నాకిక సెలవు ఇప్పించండి.